సగానికి కోసిన డబ్బాలో ఏముంది?



మైదుకూరు నాలుగు రోడ్ల కూడలి నుంచి ప్రొద్దుటూరు వైపు వెళ్లినా, బద్వేలు వైపు వెళ్లినా, కడప వైపో ఆళ్లగడ్డ వైపో తిరిగినా, ఊరు దాటేలోపల రిపేరీ షెడ్లు తగులుతాయి. బైకులు బాగుచేసే షెడ్ల సంగతి కాదు నేను చెప్పేది. చిన్న ఇంజన్లూ కరెంటు పనిముట్లూ విప్పుకుని కూర్చునే షెడ్లు. ఏడాది పొడుగునా అక్కడికి ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. పైరుకు మందు కొట్టే తైవాన్ పంపు, గడ్డి కోసే మిషన్, కట్టెలు కోసే రంపం మిషన్, పసుపు పాలిష్ పట్టే డ్రమ్మును తిప్పే ఇంజన్, నాపరాళ్లు కోసే కటింగ్ మిషన్, గోడకు బెజ్జాలు వేసే డ్రిల్లు. వచ్చింది ఏదైనా మొదటి పని కడగడమే. జిడ్డూ మడ్డీ మసీ పోతే గానీ లోపల ఏది అరిగిందో, ఏది పగిలిందో కనపడదు. అందుకని ప్రతి షెడ్డు ముందరా సగానికి కోసిన ఆయిల్ డబ్బా ఒకటి ఉంటుంది. అందులో ఒక బ్రష్షు. పక్కన ఒక కుర్రాడు.

ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ డబ్బాలో పోసిన దాని గురించి. "ఏం పోసినావబ్బీ దీంట్లో?" అని అడిగి చూడండి. "పెట్రోలేనన్నా" అంటాడు, అదేం ప్రశ్న అన్నట్టు.

ఒకప్పుడు ఆ జవాబు వచ్చేది కాదు. ఆ డబ్బాలో కిరసనాయిలు ఉండేది. రేషన్ షాపులో దానికి నీలిరంగు కలిపి ఇచ్చేవాళ్లు, పక్కదారి పడితే గుర్తుపట్టడానికి. పట్టిన పక్కదారుల్లో మెకానిక్ షెడ్డు కూడా ఒకటని అందరికీ తెలుసు, ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఇంటింటికీ కరెంటు, గ్యాసు బండ వచ్చాక మన రాష్ట్రంలో రేషన్ కిరసనాయిలు ఆగిపోయింది. వంటింటికి అది మేలే. షెడ్డులో మాత్రం ఎవరూ అనుకోని మార్పు జరిగింది. తెల్ల కిరసనాయిలు కోసం వెతుక్కుంటూ తిరగాలి, పెట్రోలు బంకు మాత్రం ప్రతి రోడ్డు మీదా ఉంది. పైగా రిపేరుకు వచ్చిన ఇంజన్ ట్యాంకులోనే అరగ్లాసో గ్లాసో పెట్రోలు మిగిలి ఉంటుంది. దాన్ని డబ్బాలోకి వంచుకుంటే కొనే పనే లేదు. పెట్రోలు జిడ్డును చిటికెలో కోస్తుంది, ఆరబెట్టే పని లేకుండా దానంతటదే ఎగిరిపోతుంది. మెకానిక్కులకు అది నచ్చడంలో వింతేమీ లేదు. అయితే ఆ ఎగిరిపోయే గుణం దగ్గరే అసలు చిక్కంతా ఉంది.

నూనెలు ద్రవంగా ఉన్నప్పుడు మండవు, వాటి ఆవిరి మండుతుంది. నిప్పు చూపగానే భగ్గుమనేంత ఆవిరి లేవాలంటే ఒక్కో నూనె కొంత వేడెక్కాలి. పెట్రోలుకు ఆ హద్దు సున్నాకు దిగువన సుమారు 40 డిగ్రీలు. అంటే పుష్యమాసం తెల్లవారుజామున కూడా మన ఊళ్లో అది అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. కిరసనాయిలు హద్దు 35 డిగ్రీలకు తగ్గకూడదని మన దేశపు ప్రమాణం. ఈ రెండింటి మధ్య 75 డిగ్రీల తేడా ఉంది. రేషన్ షాపు నుంచి బంకుకు మారినప్పుడు మన షెడ్లు ఆ తేడాను పోగొట్టుకున్నాయి.

ఈ గొడవ మనకే కొత్తగా వచ్చింది కాదు. అమెరికాలో బట్టలకు డ్రైక్లీనింగ్ చేసేవాళ్లు వందేళ్ల కిందట ఇదే పెట్రోలుతో ఉతికేవారు. దుకాణాలు తగలబడేవి, ఊరి మధ్యలో ఆ దుకాణం వద్దనేవారు జనం. అట్లాంటా నగరంలో డ్రైక్లీనింగ్ వ్యాపారం చేసే స్టాడర్డ్ అనే ఆయన, మెలన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకుడు ఒకాయనతో కలిసి 1924లో దీనికి ఒక దారి కనిపెట్టాడు. అదే ముడిచమురు నుంచి, అంత తొందరగా ఆవిరి కాని పాలును వేరు చేయించాడు. వాళ్ల లెక్కలో 100 ఫారన్‌హీట్, మన లెక్కలో సుమారు 38 డిగ్రీల లోపు అది అంటుకోకూడదన్నది షరతు. దాన్ని స్టాడర్డ్ సాల్వెంట్ అన్నారు. తర్వాత వర్క్‌షాపుల్లోనూ అదే వాడకంలోకి వచ్చింది. మన రంగుల షాపుల్లో అమ్మే టర్పెంటాయిలు దాని దాయాదే.

ఇక్కడ మన జిల్లా మాట ఒకటి కలపాలి. 38 డిగ్రీలన్న ఆ గీతను వాళ్లు తమ ఊళ్ల ఎండను చూసి గీసుకున్నారు. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో మే నెల మధ్యాహ్నం 42, 43 డిగ్రీలు మామూలు సంగతి. రేకుల షెడ్డు కిందనైతే ఇంకా ఎక్కువ. రోళ్లు పగిలే ఎండలో కిరసనాయిలూ టర్పెంటాయిలూ కూడా హద్దు దాటేస్తాయి. చలికాలంలో సాధువుగా ఉన్న డబ్బా రోహిణి కార్తెలో సాధువు కాదు. డీజిలుకు కూడా ప్రమాణం చెప్పే కనీస హద్దు 35 డిగ్రీలే, కాకపోతే బంకులో దొరికే డీజిలు సాధారణంగా దానికి కాస్త పైనే ఉంటుంది. కాబట్టి కడిగే పనిని ఎండాకాలంలో పొద్దున్నే ముగించుకోవాలి. డబ్బాను నీడలో, గాలి ఆడే చోట పెట్టాలి, పని కాగానే మూత వేయాలి. ఇంత చిన్న పని ఎందుకు జరగదంటే, సగానికి కోసిన డబ్బాకు మూత ఉండదు గనుక. మూత ఉన్న స్టీలు డబ్బా ఒకటి కొనుక్కోమని నా సలహా.

పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగింతలు బరువు. పైకి పోదు, నేలమీద పాకుతుంది. పల్లంలో, కాలువ గుంతలో దిగి కూర్చుంటుంది. పక్క షెడ్డులో వెల్డింగ్ చేస్తున్నాడనుకోండి, రవ్వ డబ్బాలో పడక్కరలేదు, గడప దగ్గర పడితే చాలు. ఒకవేళ డబ్బా అంటుకుంటే దాన్ని ఎత్తుకుని బయటికి పరుగెత్తకండి. ఒళ్లు కాలేది అలాగే. నీళ్లు కొట్టకండి, మండే నూనె నీటిమీద తేలి ఇంకా పరుచుకుంటుంది. మూత వేయండి, లేదా తడిపిన గోనెసంచి కప్పండి, పక్కన ఒక బకెట్టు ఇసుక ఎప్పుడూ ఉంచుకోండి. ఒళ్లు కాలితే ఇంకు, పేస్టు పూయకుండా మామూలు చల్లని నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పోస్తూ 108కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు ఆ కుర్రాడి దగ్గరికి వద్దాం. షెడ్డులో చేరినవాడికి మొదటిరోజే స్పానర్ ఇవ్వరు. బ్రష్షు ఇస్తారు. విప్పడం, బిగించడం పెద్దమేస్త్రీ పని, కడగడం చిన్నవాడి పని. అంటే షెడ్డులో అందరికంటే చిన్న చేతులే రోజంతా పెట్రోల్లో నానుతుంటాయి. పెట్రోలు చర్మంలో ఉన్న సహజమైన నూనెను లాగేస్తుంది, చర్మం తెల్లబడి పగుళ్లు తేలుతుంది. ఆ పగుళ్లలోంచి మురికీ పురుగుమందూ లోపలికి పోతాయి. 2000 సంవత్సరం ఫిబ్రవరి దాకా మన దేశంలో పెట్రోలులో సీసం కలిపేవారు, ఆ రోజుల్లో చేతులు కడిగినవాళ్ల ఒంట్లోకి ఎంత పోయిందో! ఇప్పుడు సీసం లేదు. బెంజీన్ మాత్రం ఒక శాతం దాకా ఉండొచ్చని ప్రమాణం ఒప్పుకుంటుంది. బెంజీన్ రక్త కేన్సర్‌కు కారణమని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. ఒక శాతమే కదా అంటారేమో. వాహనంలో పోసి తోలేవాడికి ఒక శాతమే. డబ్బా మీద వంగి ఊపిరి పీల్చేవాడికి ఆ లెక్క వేరు.

మరో అలవాటు, పైపు నోట్లో పెట్టుకుని ట్యాంకులోంచి పెట్రోలు లాగడం. పొరపాటున ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా లాంటి జబ్బు చేస్తుంది. మింగినవాడికి వాంతి చేయించకూడదు, చేయిస్తే అది ఊపిరిగొట్టంలోకి పోయే ప్రమాదం పెరుగుతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి. చేత్తో నొక్కే ప్లాస్టిక్ పంపు ఒకటి దొరుకుతుంది, దాని ధర ఒక సినిమా టికెట్టు పాటి కూడా ఉండదు.

మరి దేనితో కడగాలి? నా మాట వినేవాళ్లుంటే ముందు దేనితోనూ కడగొద్దంటాను. పొడి పని ముందు, తడి పని తర్వాత. రేగడి మట్టీ నూనే కలిసి గట్టిపడిన మడ్డిని వెదురు పుల్లతో, అట్ట ముక్కతో, పాత టూత్‌బ్రష్షుతో గీకేయండి. అప్పుడు డబ్బాలోకి పోయేది ఎంతో తగ్గుతుంది, ద్రవం అంత తొందరగా నల్లబడదు. ఆ తర్వాత ఇనుప భాగాలకు డీజిలు చాలు. లీటరు డీజిలు నెలల తరబడి వస్తుంది, ఒక చిన్న కిటుకు తెలిస్తే. వాడిన డీజిలును మూత ఉన్న సీసాలో పోసి కదపకుండా రెండు రోజులు ఉంచితే మడ్డి అడుక్కు చేరుతుంది, పైన తేటదాన్ని ఒంపుకుని మళ్లీ వాడుకోవచ్చు. లీటరు వంద దాటిన పెట్రోలును గాలికి వదిలేవాళ్లు ఈ లెక్క వేసి చూడండి.

డీజిలుతో కడిగాక ఒక పలచని నూనె పొర మిగులుతుంది. దాన్ని తీయడానికి వేడినీళ్లూ, గిన్నెలు తోమే సబ్బూ సరిపోతాయి. గట్టి ఇనుప భాగమైతే ఆ నీళ్లలో రెండు మూడు చెంచాల చాకలి సోడా కలపొచ్చు. అల్యూమినియం అయితే ఆగండి. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, తినేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. చాకలి సోడా కూడా ఎక్కువసేపు నానితే దాన్ని నల్లబరుస్తుంది. చిన్న ఇంజన్లలో సగం భాగాలు అల్యూమినియమే. కాబట్టి వాటికి సబ్బు ఒక్కటే. ఇనుమును కడగగానే ఎండలో ఆరబెట్టి వెంటనే కాస్త ఆయిల్ రుద్దాలి, లేకపోతే సాయంత్రానికి తుప్పు.

పసుపు పాలిష్ పట్టిన ఇంజన్ సంగతి వేరుగా చెప్పాలి. వ్యవసాయ పుస్తకాల్లో ఎక్కువ కాలం పంట రకాల్లో దుగ్గిరాల, టేకూరుపేట, ఆర్మూరు పేర్ల వరసలో మైదుకూరు పేరు కూడా ఉంటుంది, ఈ నేలకు పసుపుతో అంత చుట్టరికం. ఉడికి ఎండిన కొమ్ములు డ్రమ్ములో తిరుగుతుంటే లేచే దుమ్ము ఇంజన్ మీద కూర్చుంటుంది, జిడ్డుతో కలిసి పట్టుకుంటుంది. పసుపు రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకని నీళ్లు పోసి రుద్దితే చెయ్యే నొప్పిపెడుతుంది, ముందు డీజిలు పూసి తుడిస్తే సగం రంగు గుడ్డకే వస్తుంది. ఇనుప భాగమైతే మిగిలినదాని మీద సోడా నీళ్లు పోయొచ్చు, పోయగానే అది ఎర్రగా మారుతుంది. తుప్పు పట్టిందేమోనని బెదరకండి. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేది ఎందువల్లో, ఇదీ అందువల్లే. అప్పటికీ పోని మరకను రెండు రోజులు ఎండకు వదిలేస్తే వెలిసిపోతుంది.

మందు పంపుల విషయంలో ఒక హెచ్చరిక. శనగ చేలోనో, మిరప చేలోనో, పులివెందుల అరటి తోటల్లోనో కొట్టిన పురుగుమందు పంపు మీద అంటుకునే ఉంటుంది. పెట్రోలు గుడ్డతో తుడిస్తే ఆ మందు కరిగి చేతి చర్మం దాటి లోపలికి పోవడం సులువవుతుంది. ముందు రబ్బరు తొడుగులు వేసుకుని సబ్బు నీళ్లతో పైపైన కడగాలి, ఆ తర్వాతే ఇంజన్ విప్పాలి. ఈ పని రైతే ఇంటి దగ్గర చేసుకుని పంపును షెడ్డుకు తెస్తే మరీ మంచిది.

విప్పేటప్పుడు సెల్‌ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి, విప్పిన స్క్రూలను వరసగా కోడిగుడ్ల అట్టలో పెట్టుకోండి. అన్నీ ఒకే డబ్బాలో వేసి కడిగితే చివర్లో ఒక వాషర్ తప్పకుండా మిగులుతుంది, అది ఎక్కడిదో ఎవరికీ తెలియదు.

కార్బొరేటర్‌లో ఉండేది జిడ్డు కాదు, పెట్రోలు ఆవిరై మిగిల్చిన జిగురు. పంట అయిపోగానే ట్యాంకులో పెట్రోలుతోనే పంపును మూలన పడేస్తే నాలుగైదు నెలల్లో ఆ జిగురు సన్నని జెట్టు బెజ్జాన్ని మూసేస్తుంది. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీరెక్కువైతే విడిపోయి గిన్నె అడుగున చేరుతుంది, అక్కడ అల్యూమినియం తెల్లగా పొడి తేలుతుంది. జెట్టును గుండుసూదితోనో ఇనుప తీగతోనో పొడవడం అన్నిచోట్లా చూస్తాం. జెట్టు ఇత్తడిది, ఇత్తడి మెత్తన, బెజ్జం వెంట్రుకవాసి పెద్దదైనా ఇంజన్ పెట్రోలు ఎక్కువ తాగి నల్ల పొగ కక్కుతుంది. కరెంటు వైరులోంచి లాగిన ఒక సన్నని రాగి పోగుతో, లేదా బ్రష్షులోని నైలాన్ వెంట్రుకతో తీయండి. రబ్బరు పొరలు, ఓ-రింగులు, ప్లాస్టిక్ తేలుడు బంతి ముందే తీసి పక్కన పెట్టాలి, కార్బొరేటర్ క్లీనర్ తగిలితే రబ్బరు ఉబ్బి మళ్లీ తన చోట్లో కూర్చోదు.

ఇక మసి. టూ-స్ట్రోక్ ఇంజన్‌కు కంపెనీ చెప్పిన లెక్క లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిలో, 40 మిల్లీలీటర్లో ఉంటుంది. మన రైతు మంచిదే కదా అని ఇంకో మూత ఎక్కువ పోస్తాడు. ఆ ఎక్కువైన ఆయిలే కాలీ కాలక సైలెన్సర్ దారిలో బొగ్గై పేరుకుంటుంది, ఇంజన్ ఊపిరాడక బలం తగ్గుతుంది. దాన్ని తీయడానికి స్క్రూడ్రైవర్ వాడితే పిస్టన్ మీద గీతలు పడతాయి. రాత్రంతా డీజిలులో నానబెట్టి వెదురు పేళ్లతో గీకాలి. రింగు గాడికి మాత్రం విరిగిన పాత రింగు ముక్కను మించిన పనిముట్టు లేదు, పాత మేస్త్రీలు దాన్ని దాచుకునేది అందుకే. సిలిండర్ విప్పకుండా పొగదారిని గీకేటప్పుడు పిస్టన్ ఆ దారిని మూసేలా తిప్పి పెట్టుకోండి, బొగ్గు లోపల రాలదు.

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల పనిలో తిరిగే కటింగ్ మిషన్లకు పైన చెప్పినదేదీ పనికిరాదు. వాటి లోపల పేరుకునేది రాతి పొడి, కార్బన్ బ్రష్షుల పొడి కలిసిన బూడిద. తీగ చుట్టిన ఆర్మేచర్‌ను పెట్రోల్లోనూ డీజిల్లోనూ ముంచకూడదు, తీగ మీది వార్నిష్ దెబ్బతింటుంది, లోపల మిగిలిన ఆవిరి స్విచ్ వేయగానే రవ్వకు అంటుకుంటుంది. ప్లగ్గు పీకి, మెత్తని బ్రష్షుతో దులిపి, బ్లోయర్‌తో ఊదితే చాలు. ఊదేటప్పుడు ముక్కుకు గుడ్డ కాదు, మంచి మాస్కు కట్టుకోండి. పంచరు షాపు కంప్రెసర్ గాలిని ఒంటి మీదికి, బట్టల మీదికి కొట్టుకోవడం మానేయండి, చర్మానికి చిన్న గాయముంటే ఆ గాలి లోపలికి దూరగలదు. కడిగిన బేరింగును గాలి కొట్టి గిర్రున తిప్పడం కుర్రాళ్లకు సరదా, నూనె లేకుండా అంత జోరుగా తిరిగితే బేరింగు పాడవుతుంది, పగిలితే గోళీలు ఎగురుతాయి. ముందుభాగంలో ఉన్న పళ్ల చక్రాల గదిలో మాత్రం పాత గ్రీజును డీజిలుతో కడిగి, కొత్త గ్రీజు సగం దాకా పెట్టండి. నిండా కూరితే వేడెక్కి మోటారు వైపు కారుతుంది. మిషన్ ప్లాస్టిక్ ఒంటిని థిన్నర్‌తో తుడవకండి, మెరుపు పోయి బీటలు వారుతుంది.

చేతుల జిడ్డుకు కూడా పెట్రోలు అక్కర్లేదు. ఒక చెంచా వంటనూనె రుద్దుకుంటే నల్లదనం కరుగుతుంది, ఆపైన శనగపిండో రంపపు పొట్టో చల్లుకుని సబ్బుతో కడిగితే గోళ్ల సందుల్లో మసి కూడా వస్తుంది. ఈ వైపు శనగపిండికి కొరతేమీ లేదు.

చివరికి డబ్బాలో మిగిలే మడ్డి. 2016 నాటి నిబంధనల ప్రకారం వాడిన ఇంజన్ ఆయిలు ప్రమాదకర వ్యర్థమే. చాలాచోట్ల దాన్ని రోడ్డు పక్క మురికికాలువలోకి వంచేస్తారు. ఆ మురికికాలువ ఎక్కడికి పోతుందో చూసుకోండి. సుంకేసుల నుంచి కేసీ కాలువలో ఇంత దూరం వచ్చిన తుంగభద్ర నీళ్ల మీద, కయ్యలోకి చేరే ముందు, మన షెడ్డు నూనె పొర తేలాలా? ఇంటి వాసాలకు చెదలు పట్టకుండా పూసుకోవడానికి కొందరు తీసుకుపోతారు, అది పాత అలవాటు, దానికీ చేతి తొడుగులు కావాలి. మిగిలినదాన్ని మూతగల డబ్బాలో పోగుచేసి, పాత ఆయిలు కొనుక్కుపోయేవాళ్లకు ఇస్తే నాలుగు రూపాయలు కూడా వస్తాయి. గీకిన మట్టి మడ్డిని మాత్రం చేలో పారేయవద్దు.

రైతుసోదరులకు ఇంకొక్క మాట. పంట కాలం ముగిశాక పంపును మూలన పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన పెట్రోలు అయిపోయి ఇంజన్ దానంతటదే ఆగేదాకా తిరగనివ్వండి. గాలి ఫిల్టర్ స్పాంజిని సబ్బు నీళ్లలో పిండి, నీడలో ఆరబెట్టి, కంపెనీ అలా చెప్పి ఉంటే రెండు చుక్కల ఆయిలు అద్ది మళ్లీ పిండి బిగించండి. ప్లగ్గు తీసి ఆ బెజ్జంలో అర చెంచా టూ-స్ట్రోక్ ఆయిలు వేసి, తాడును నెమ్మదిగా రెండుసార్లు లాగి, ప్లగ్గు బిగించి గుడ్డ కప్పండి. వచ్చే కార్తెలో పంపును షెడ్డుకు మోసే పని లేకుండా పోవచ్చు.